కంప్యూటర్ గది తలుపు తెరిచి ఉండాలి



నేటి యుగాన్ని కంప్యూటర్ యుగం అంటున్నాం. దరఖాస్తు మొదలుకొని హాల్ టికెట్, ఫలితం, స్కాలర్‌షిప్ వరకు అన్నీ ఇంటర్నెట్‌లోనే. తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు కూడా దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలకు బడిలోని కంప్యూటర్ రెండోది. మన హాస్టల్ పిల్లల్లో చాలామందికి అదొక్కటే దిక్కు.

మా అనుభవం

మేము హైస్కూల్లో చదివే రోజుల్లో కంప్యూటర్ గది ఉండేది. కానీ తాళం వేసి ఉండేది. కిటికీలోంచి గుడ్డ కప్పిన మానిటర్లను చూసి వచ్చేవాళ్ళం. ఇంటర్ పూర్తయ్యాక మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌కు వెళ్ళాం. మాకు మౌస్ పట్టుకోవడం కూడా రాదు. అక్కడి అబ్బాయి గబగబా నింపేశాడు. మాలో ఒకరి కాలేజీ ఆప్షన్ల వరుస తారుమారై, దగ్గరి కాలేజీ బదులు దూరపు కాలేజీలో సీటు వచ్చింది. తెర మీద ఉన్నది చదివి సరిచూసుకోవడం తెలిసి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు.

ఇప్పటి పరిస్థితి

మన దేశంలో బడులకు కంప్యూటర్లు కొత్త కాదు. 1984-85లోనే 'క్లాస్' ప్రాజెక్టు కింద ఎంపిక చేసిన పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. 2004 డిసెంబరులో కేంద్రం ఐ.సి.టి. పథకాన్ని ప్రారంభించింది. 2018 నుండి అది సమగ్ర శిక్షలో భాగమైంది. యుడైస్ ప్లస్ 2024-25 లెక్కల ప్రకారం దేశంలో 64.7 శాతం బడులకు కంప్యూటర్, 63.5 శాతం బడులకు ఇంటర్నెట్ సదుపాయం ఉంది. అంటే ప్రతి మూడు బడుల్లో సుమారు ఒకదానికి ఇంకా లేదు. పైగా లెక్కలో ఉన్న కంప్యూటర్లన్నీ పిల్లల చేతికి అందుతున్నాయని చెప్పలేం.

ఒక చిన్న లెక్క

ఇంటర్నెట్ వేగాన్ని మెగాబిట్లలో, ఫైలు పరిమాణాన్ని మెగాబైట్లలో చెబుతారు. 1 బైట్ అంటే 8 బిట్లు. బడికి సెకనుకు 10 మెగాబిట్ల కనెక్షన్ ఉందనుకుందాం. 50 మెగాబైట్ల పాఠం వీడియో అంటే 400 మెగాబిట్లు. ఒక్క కంప్యూటర్ అయితే 40 సెకన్లలో దిగుతుంది. 20 కంప్యూటర్లు ఒకేసారి అడిగితే ఒక్కోదానికి వచ్చేది అర మెగాబిట్టే. అప్పుడు 800 సెకన్లు, అంటే 13 నిమిషాలకు పైనే పడుతుంది. పీరియడ్‌లో మూడో వంతు ఎదురుచూపుకే సరి!

దీనికి ఉపాయం ఉంది. ముందురోజే పాఠాన్ని ఒక కంప్యూటర్‌లోకి దింపి, గదిలోని మిగతా కంప్యూటర్లకు కేబుల్ ద్వారా అందించవచ్చు. దీనికి బయటి ఇంటర్నెట్ అక్కర్లేదు. కొలిబ్రి, కివిక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇందుకే ఉన్నాయి. కివిక్స్‌తో వికీపీడియాను కూడా నెట్ లేకుండా చదువుకోవచ్చు. కనుక 'నెట్ లేదు' అన్నది గది మూసి ఉంచడానికి కారణం కాకూడదు.

మనం చేయవలసింది

2019లో కేరళ హైకోర్టు ఒక కాలేజీ హాస్టల్ విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్ పొందే హక్కు విద్యాహక్కులో భాగమని తీర్పు చెప్పింది. కాబట్టి మనం అడిగేది దయ కాదు. వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్‌లో వేయించమని ప్రధానోపాధ్యాయులను వినయంగా కోరండి. గదికి ఒక రిజిస్టరు పెట్టించండి. పాడైన యంత్రాన్ని తేదీతో సహా రాయించండి. నేర్చుకున్నవారు మరో ఇద్దరికి నేర్పండి. మౌస్ ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉండకుండా పది నిమిషాలకొకసారి మార్చుకోండి. ముఖ్యంగా ఆడపిల్లల వంతు తప్పిపోకుండా చూడండి.

సెలవుల్లో మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు దరఖాస్తు నింపడం నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం. మీ దరఖాస్తు మీ చేతులతో మీరే నింపుకోవాలి. మాకు దొరకనిది మీకు దొరకాలన్నదే మా కోరిక.