ఏ వయసు చదువు ఆ వయసుదే

జిల్లా గ్రంథాలయ సంస్థలో శాఖా గ్రంథపాలకురాలిగా ఉద్యోగం చేసి రిటైరయ్యాను. బడిలో టీచరుకు ఒకే ఈడు పిల్లలు కనబడతారు. లైబ్రరీ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి అన్ని ఈడులవాళ్ళూ కనబడతారు. బొమ్మల పుస్తకం కోసం గుమ్మం పట్టుకుని నిలబడే పిల్ల, గ్రూప్ టూ పుస్తకాల మధ్య మధ్యాహ్నం భోజనం మరిచిపోయే కుర్రాడు, పొలం కాగితాలు చదివించుకోవడానికి వచ్చే రైతు, పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే పెద్దాయన... వీళ్ళందరినీ ఏళ్ళ తరబడి చూశాను. ఎవరు నేర్చుకున్నారో, ఎవరు మధ్యలో వదిలేశారో చూశాను. వదిలేసినవాళ్ళలో తెలివి తక్కువ వాళ్ళు అరుదు. చాలామంది ఒక వయసుకు పనికొచ్చే పద్ధతిని ఇంకో వయసులో పట్టుకుని అలిసిపోయినవాళ్ళే. “ఈ వయసులో ఇంకేం వస్తుందమ్మా” అనే మాట నేను అరవై ఏళ్ళవాళ్ళ నోటే కాదు, ఇరవై ఆరేళ్ళవాళ్ళ నోట కూడా విన్నాను. ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

1. చిన్నపిల్లలకు ముందు చెవి, తర్వాత కన్ను

చదవడం రాని పిల్లలకు చదివి వినిపించాలి. చదవడం వచ్చాక కూడా మానకూడదు. 1947 జూలైలో మొదలైన చందమామ తెలుగు పిల్లలకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. మా లైబ్రరీకి వచ్చేది ఒక్క కాపీ. అది నేనే పైకి చదివేదాన్ని. బేతాళ కథలో బేతాళుడు ప్రశ్న అడిగే చోట ఆపి, పుస్తకం మూసేసేదాన్ని. “ఇప్పుడు రాజు ఏం చెప్పాలి?” అంటే పిల్లలు రెండు జట్లుగా చీలి వాదించుకునేవారు. విక్రమార్కుడి జవాబు చదివి వినిపించాక కూడా “రాజు చెప్పింది తప్పండీ” అని పట్టుబట్టే పిల్లలుండేవారు. అలాంటి పిల్లను పొరపాటున కూడా కసరకండి. ఆలోచించడం మొదలయ్యేది అక్కడే.

ఎక్కాలు నోటికి రావాలా అని ఈ కాలం తల్లిదండ్రులు అడుగుతారు. రావాలి, ఇరవయ్యో ఎక్కం దాకా రావాలి. భిన్నాలో శాతాలో చేస్తూ మధ్యలో ఏడెనిమిదులు ఎంతో వెతుక్కునే పిల్లకు అసలు లెక్క మీద మనసు నిలవదు. పదేళ్ళలోపే నోటికి పట్టించడం మంచిది. పద్యాలూ అంతే. అర్థం తర్వాతెప్పుడో తెలిసినా ఫరవాలేదు.

2. పుస్తకం మూశాకే చదువు మొదలవుతుంది

ఇది పోటీ పరీక్షల పిల్లల దగ్గర నేర్చుకున్న పాఠం. డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబులు ఉద్యోగాల ప్రకటన వస్తే మా చదువుగదిలో కుర్చీ దొరికేది కాదు. వాళ్ళలో రెండు రకాలు. ఒకరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే గైడు తిరగేస్తూ, పెన్సిలు గీతలు గీస్తూ, ఆ గీతల మీద మళ్ళీ రంగు గీతలు గీస్తూ ఉంటారు. చదివిందంతా తెలిసినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే పేజీ ఎదురుగా ఉంది. ఇంకొకరు ఒక అధ్యాయం చదివి, పుస్తకం బోర్లించి, తెల్లకాగితం మీద గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తారు. ఆ తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్రసిరాతో నింపుతారు. మర్నాడు ఒకసారి, నాలుగు రోజులాగి ఒకసారి, పదిహేను రోజులకు ఒకసారి ఇదే పని చేస్తారు. రెండోరకం వాళ్ళకు ఇది మొదట్లో నరకంలా ఉంటుంది. కాగితం సగం ఖాళీగా ఉంటుంది మరి. ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ రెండోరకం వాళ్ళే.

దీని వెనక శాస్త్రం ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే పరిశోధకుడు అర్థంలేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, ఎంత త్వరగా మరిచిపోతున్నాడో కొలిచి, 1885లో అచ్చువేశాడు. మరుపు మొదట్లోనే చాలా వేగంగా జరుగుతుందని, ఎడం ఇచ్చి మళ్ళీ మళ్ళీ తలుచుకుంటే అది నెమ్మదిస్తుందని అప్పుడే తేలింది. పరీక్ష ముందురోజు రాత్రంతా మేలుకుని చదివే పిల్లలకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

3. చేతిపనిని చేతే నేర్చుకుంటుంది

మోటారు వైండింగు పుస్తకం అడిగిన కుర్రాడికి పుస్తకం ఇచ్చి, ఆ పని చేసే షెడ్డులో ఆర్నెల్లు ఉండమని కూడా చెప్పేదాన్ని. కుట్టుపనికైనా, వంటకైనా, వీణకైనా నా సలహా అదే.

4. ఆగిపోయిన చదువు ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మొదలవుతుంది

ఇరవై దాటి ముప్ఫైలోపు ఉన్నవాళ్ళ దిగులు వేరు. తోటివాళ్ళు ముందుకు వెళ్ళిపోయారని, తాము మళ్ళీ మొదటి మెట్టు ఎక్కాలంటే సిగ్గని వాళ్ళ బాధ. ముఖ్యంగా పెళ్ళితో చదువు ఆగిన ఆడపిల్లలు. వాళ్ళకు నేను దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి చెప్పేదాన్ని. ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. జైలు జీవితం ముగిశాక, ఇరవై దాటిన వయసులో, బనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చున్నారు. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ, 1942లో మద్రాసులో లా పట్టా. అప్పటికి ఆమెకు ముప్ఫై మూడేళ్ళు. నాలుగేళ్ళ తర్వాత రాజ్యాంగసభలో కూర్చున్నారు.

ఆ పట్టాల వరస కన్నా నాకు ఆమెలో ఎక్కువ నచ్చేది ఇంకొకటి ఉంది. తాను ఏ గుమ్మం దగ్గర ఆగిపోయారో ఆ గుమ్మాన్ని మిగతావాళ్ళకు తీసిపెట్టారు. మద్రాసులో తెలుగు ఆడపిల్లలను అదే బనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేశారు. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. ఆమె తొలి అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, బడి మానేసిన వయోజన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షకు కూర్చునేలా 1958లో సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది.

తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి గారిది ఇంకా కష్టమైన దారి. ఇళ్ళల్లో వంటపని, హోటల్లో పని చేసుకుంటూ చదువు పట్టుకున్నారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తాను అచ్చువేసిన పుస్తకాలు తానే మోసుకెళ్ళి అమ్మారు. వీళ్ళ రోజుల్లో దూరవిద్య లేదు. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో అదే మొదటిది. బడి సర్టిఫికెట్టు లేనివాళ్ళకూ అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి తెరిచింది. ఆ ఫారాలు నింపిపెట్టడం నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన పని.

5. పెద్దవాళ్ళకు అవసరంలోంచి పాఠం రావాలి

నలభై ఏళ్ళ మనిషి ముందు అ, ఆలు పెట్టి పలక ఇస్తే రెండోరోజు రారు. రోజంతా కూలిపని చేసి వచ్చిన ఒంటికి “అల, వల, తల” దేనికి? మా వరండాలో రాత్రిబడి నడిచిన రోజుల్లో ఒకామె మొదట అడిగింది బస్సు బోర్డు మీద తమ ఊరి పేరు. రెండోది మస్టరులో తన పేరు పక్కన వేసిన అంకె. ఆ రెండూ వచ్చాక మిగతా అక్షరాల కోసం ఆమే వెంటపడింది.

దీనికి నెల్లూరు కన్నా పెద్ద సాక్ష్యం లేదు. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు, వాచకంలో సారా వల్ల పాడయ్యే సంసారాల గురించి పాఠం పెట్టారు. అది ఆ చదివే ఆడవాళ్ళ ఇంటి సంగతే. దూబగుంటలో రోశమ్మగారు, ఆమె తోటివాళ్ళు ఆ పాఠాన్ని పుస్తకంలో ఉంచలేదు. ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. అక్షరాలు దిద్దుతున్న చేతులు ప్రభుత్వం మనసు మార్చాయి. ఉద్యోగాలకో డిగ్రీలకో పరిమితమైనదాన్నే చదువనుకునేవాళ్ళు ఈ కథ తెలుసుకోవాలి.

6. నడివయసు చదువుకు పెద్ద అడ్డంకి హోదా

గిడుగు రామమూర్తి పంతులుగారిని వాడుకభాష కోసం తలుచుకుంటాం. ఆయనను విద్యార్థిగా కూడా తలుచుకోవాలి. 1863లో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో మాస్టరుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఎ. చేశారు. ముఖలింగం గుడి గోడల మీద శాసనాలు చదవాలనిపించి, పాత లిపులు ఎవరూ చెప్పకుండానే పట్టుదలగా నేర్చుకున్నారు. కొండల నుంచి వచ్చే సవరల మాట విని, ఆ భాష రావాలనుకున్నారు. అప్పుడాయన చేసిన పని చూడండి: తెలుగు తెలిసిన సవరను తెచ్చి తన ఇంట్లో పెట్టుకుని, అతని దగ్గర శిష్యరికం చేశారు. ఆ రోజుల్లో ఒక పంతులుగారు సవరను గురువుగా కూర్చోబెట్టుకోవడమంటే ఎంత మాట! మన్యం జ్వరానికి వేసుకున్న క్వినైను వల్ల వినికిడి పోయింది. చెవి సాయం తగ్గిపోతున్నా, రాతలేని ఒక భాషను మాటమాటా పట్టుకున్నారు. సవరలకు బళ్ళు పెట్టించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసేనాటికి డెబ్బైకి దగ్గరపడ్డారు.

ఆఫీసరుగారికి కంప్యూటరు రాదు, గుమాస్తాను అడగడానికి మనసొప్పదు. అత్తగారికి కొత్త మందుల పేర్లు చదవడం రాదు, కోడలిని అడగరు. చేతకానితనం కన్నా ఈ మొహమాటమే నా కళ్ళముందు ఎక్కువమందిని ఆపింది. తెలిసిన మనిషి ఎవరైతే వాళ్ళే గురువు. పక్కన కూర్చుని అడగండి.

7. మనవడి చేతికి ఫోను ఇవ్వకండి

అరవై దాటినవాళ్ళు సెల్‌ఫోను నేర్చుకునేటప్పుడు జరిగేది ఒకటే. “ఇలా ఇవ్వు నానమ్మా, నేను చేస్తా” అని పిల్లవాడు లాక్కుని, టకటకా నొక్కి తిరిగి ఇచ్చేస్తాడు. పని అవుతుంది, చదువు అవదు. నా పద్ధతి చెబుతాను. ఫోను మీ చేతిలోనే ఉండాలి, నొక్కేది మీ వేలే కావాలి. పిల్లవాడు నోటితో చెబుతాడు. ఒక పూటకు ఒక్క పనే: ఫొటో పంపడమో, కరెంటు బిల్లు కట్టడమో. ఏది తర్వాత ఏది నొక్కాలో మీ మాటల్లో నోటుపుస్తకంలో రాసుకోండి. మర్నాడు ఆ పుస్తకం చూసి ఒంటరిగా చేయండి. డబ్బుల లావాదేవీ మొదట పది రూపాయలతో, మీ ఇంట్లోవాళ్ళకే పంపి నేర్చుకోండి. ఓటీపీ అడిగినవాడు బ్యాంకు మనిషినన్నా, పోలీసునన్నా చెప్పవద్దు. డబ్బు పోయిందని అనుమానం వస్తే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఈ నంబరు పుస్తకం మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి.

ఒక సంగతి మాత్రం పిల్లలకు చెబుతున్నాను. పెద్దవాళ్ళు అదే ప్రశ్న మళ్ళీ అడిగితే విసుక్కోకండి. మీ అక్షరాభ్యాసం నాడు మీరూ ఒకసారికే నేర్చుకోలేదు.

8. మతి పోయిందనుకునే ముందు కళ్ళు, చెవులు చూపించుకోండి

చెప్పింది గుర్తుండటం లేదని బాధపడే పెద్దవాళ్ళలో కొందరికి అసలు ఆ మాట సరిగ్గా వినబడి ఉండదు. చదివింది బుర్రకెక్కడం లేదన్న ఒకాయనకు శుక్లాలు. ఆపరేషన్ అయిన నెలకు మళ్ళీ నవలలు పట్టుకెళ్ళారు.

9. నేర్చుకోవడానికి ఒక చోటు, ఒక తోడు కావాలి

ఇంట్లో కూర్చుని ఒంటరిగా నేర్చుకోగలిగినవాళ్ళు కొద్దిమందే. మిగతా అందరికీ ఒక వేళ, ఒక బల్ల, ఎదురుగా చదువుతున్న ఇంకో మనిషి కావాలి. మన పెద్దలకు ఇది తెలుసు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. చదవాలనుకునే మనిషి దగ్గరికి పుస్తకమే వెళ్ళాలని అంత తపన పడ్డారు.

ఇవాళ మన ఊళ్ళలో శాఖా గ్రంథాలయాలు కొన్ని బాగున్నాయి, చాలాచోట్ల బీరువాలకు తాళాలు, గోడలకు చెమ్మ. జనం అడగకపోతే అవి అలాగే ఉంటాయి. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. అంటే ఆ బల్లకూ కుర్చీకీ మీరు డబ్బు ఇప్పటికే ఇస్తున్నారు. ఈ వారం ఒక సాయంత్రం ఇంట్లో పిల్లనో, మీ నాన్నగారినో వెంటబెట్టుకుని మీ ఊరి లైబ్రరీకి వెళ్ళండి. సభ్యత్వం తీసుకోండి. మీకు కావలసిన పుస్తకం లేకపోతే దాని పేరు రాసి ఇవ్వండి. పెద్దక్షరాల పుస్తకాలు, పిల్లల పుస్తకాలు తెప్పించమనండి. సాయంత్రం తలుపులు తీయడం లేదంటే నలుగురూ కలిసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టండి.