పదహారు వయొలిన్లు, ఒక ఖాళీ హాలు: కంప్యూటర్‌లో వాద్యబృందం ఎలా పుడుతుంది?

సముద్ర గర్భం గురించో, అంతరిక్షం గురించో తీసిన డాక్యుమెంటరీల్లో వ్యాఖ్యానం వెనక ఒక సంగీతం మెల్లగా పొంగి, మెల్లగా అణిగిపోతుంటుంది. దానికి స్పష్టమైన తాళం ఉండదు, తిరిగి పాడుకోవడానికి వరస ఉండదు. ఇదే యాంబియంట్ ఆర్కెస్ట్రా సంగీతం. పెద్ద వాద్యబృందం వాయిస్తోందనిపించినా, చాలాసార్లు దాని వెనక ఉండేది ఒక మనిషి, ఒక కంప్యూటర్, ఒక చిన్న కీబోర్డు మాత్రమే.

ఈ పనికి వాడేది డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అనే సాఫ్ట్‌వేర్. ఎల్‌ఎంఎంఎస్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. కీబోర్డు మీట నొక్కితే కంప్యూటర్‌కు చేరేది శబ్దం కాదు, సమాచారం. ఏ స్వరం, ఎంత బలంగా, ఎంతసేపు అన్నది అంకెల్లో వెళ్తుంది. బలాన్ని 127 దాకా కొలిచే ఈ ‘మిడి’ పద్ధతి 1983 నుంచి వాడుకలో ఉంది. ఆ అంకెలకు తగిన అసలు వయొలిన్ రికార్డింగును సాఫ్ట్‌వేర్ తన నిల్వ నుంచి తీసి వినిపిస్తుంది.

అంతా బాగానే ఉంది కానీ, ఒక వయొలిన్ రికార్డింగును 16 సార్లు నకలు చేస్తే 16 మంది వాయించినట్టు ఉంటుందా? ఉండదు. నకళ్లన్నీ ఒకే దశలో కంపిస్తాయి కాబట్టి శృంగం మీద శృంగం పడి, కంపన పరిమితి 16 రెట్లవుతుంది. అంటే శబ్దం 24 డెసిబెల్స్ పెరుగుతుంది. వినిపించేది మాత్రం అదే ఒంటరి వయొలిన్, మరింత గట్టిగా. నిజమైన 16 మంది ఒకే స్వరం పట్టినా శ్రుతిలో, సమయంలో వెంట్రుకవాసి తేడాలుంటాయి. తరంగాలు కొంత కలుస్తూ, కొంత రద్దవుతూ సగటున 12 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతాయి. ఆ కలవడం, రద్దవడంలోని అస్థిరతే చెవికి ‘బృందం’గా తోస్తుంది. అందుకే వేర్వేరు రికార్డింగులు తీసుకుని, ఒక్కోదాని శ్రుతిని కొన్ని సెంట్లు అటూ ఇటూ జరపాలి. అర స్వరంలో నూరో వంతే సెంట్.

దీర్ఘ స్వరాలది మరో చిక్కు. రికార్డింగు అయిపోగానే అదే ముక్క మళ్లీ మొదలైతే చెవి ఇట్టే పసిగడుతుంది. అసలు తంబురాకూ, ఒకే ముక్కను తిప్పి వినిపించే యంత్రానికీ తేడా తెలిసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. బ్రయాన్ ఈనో 1978లో విడుదల చేసిన ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’లో దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది: వేర్వేరు పొడవుల టేపు ముక్కలను ఏకకాలంలో తిప్పడం. సాఫ్ట్‌వేర్‌లో 23, 29, 31 సెకన్ల ముక్కలు మూడు పెడితే, వాటి కసాగు 20,677. అంటే మూడూ మళ్లీ ఒకేసారి మొదలయ్యేది 5 గంటల 44 నిమిషాల తర్వాతే!

ఇన్ని చేసినా శబ్దం పొడిగా, ఎక్కడా వాయించనట్టుగా ఉంటుంది. లోపించింది హాలు. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ ఒక ఉపన్యాస మందిరంలో ఆర్గాన్ గొట్టం ఊది, శబ్దం ఆగాక ప్రతినాదం ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. కుర్చీల మెత్తలు తెచ్చి పరిచేకొద్దీ ఆ సమయం తగ్గింది. శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే కాలమే ఇప్పుడు ప్రతినాద సమయం. మంచి సంగీత మందిరంలో అది దాదాపు 2 సెకన్లు. యాంబియంట్ సంగీతానికి 4 సెకన్లయినా ఎక్కువేం కాదు.

హాలును కంప్యూటర్‌లోకి తేవడానికి అక్కడ ఒక బెలూన్ పగలగొట్టి, ఆ చప్పుడూ దాని తోకా రికార్డు చేస్తారు. సంగీతంలోని ఒక్కొక్క నమూనాను ఒక్కో చిన్న బెలూన్‌గా ఊహించుకుంటే, ప్రతిదీ తనదైన తోకను వదులుతుంది. ఆ తోకలన్నిటినీ కూడడమే కన్వల్యూషన్. సెకనుకు 48,000 నమూనాల చొప్పున 4 సెకన్ల తోకలో 1,92,000 అంకెలుంటాయి. నేరుగా లెక్కిస్తే ఒక్క సెకను సంగీతానికి 921 కోట్లకు పైగా గుణకారాలు కావాలి. 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన ఫాస్ట్ ఫోరియర్ పద్ధతితో శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడదీస్తే ఈ భారం ఎంతో తగ్గుతుంది. ఇంట్లోని లాప్‌టాప్ మోయగలుగుతున్నది అందుకే. యార్క్ విశ్వవిద్యాలయం వారి ‘ఓపెన్ ఎయిర్’ సంగ్రహంలో ఇలా కొలిచిన ఎన్నో స్థలాలు అందుబాటులో ఉన్నాయి.

ప్రతినాదం పెరిగితే మంద్ర స్థాయి బురదలా మారుతుంది. 65 హెర్ట్జ్ షడ్జమం పక్కనే 82 హెర్ట్జ్ గాంధారం పెడితే చెవి రెంటినీ విడదీయలేదు, గరగర వినిపిస్తుంది. రెండు స్థాయిలు పైన అవే స్వరాలు హాయిగా కలుస్తాయి. కాబట్టి కింద స్వరాలను ఎడంగా ఉంచి, రివర్బ్‌లోకి వెళ్లే మంద్ర భాగాన్ని ఫిల్టర్‌తో తగ్గించాలి. పాటను ఫైలుగా ఎగుమతి చేసేటప్పుడు చివరి స్వరం తర్వాత మరో 6, 7 సెకన్లు ఖాళీ వదలాలి. లేకపోతే హాలు తోక మధ్యలోనే తెగిపోతుంది.