మేకు చెవితో కొట్టాలె

రాత్రి తొమ్మిదికి బరాత్. పొద్దున ఏడింటికే, పెళ్లికొడుకు ఎక్కబోయే గుర్రం కాలు చాచా రెండు మోకాళ్ల మధ్య ఉంది.

అఫ్జల్‌గంజ్ రోడ్డు వెనక సందు అది. ఒకవైపు ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, మరోవైపు బేగంబజార్‌కు సరుకు మోసే ట్రాలీ ఆటోలు. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా ధాన్యం వర్తకులకు ఇచ్చిన జాగా కాబట్టి గంజ్‌కు ఆయన పేరే నిలిచింది. బస్తాలు బండ్ల మీద, మనుషులు టాంగాల మీద వచ్చిన కాలంలో లాడం కొట్టేవాళ్లకు ఇక్కడ చేతినిండా పని ఉండి ఉంటుంది. ఇప్పుడు పక్కనున్న గోషామహల్ అంటే పాత కార్ల స్పేర్ పార్టులు. గుర్రానికి స్పేర్ పార్టు ఒక్కటే, లాడం. చాచా దాన్ని నాల్ అంటాడు. ఆయన్ని నాల్‌బంద్ అంటారు.

పల్లెలో పెరిగిన నాకు లాడం అంటే ఎద్దులే గుర్తు. తాళ్లేసి పడగొట్టి, కాళ్లు కట్టేసి, చీలిన గిట్టలకు బిళ్లలు కొట్టేవారు. గుర్రాన్ని అలా పడగొట్టరు. అది మూడు కాళ్ల మీద నిలబడి నాలుగోది మనిషి చేతికిస్తుంది. ఇవ్వనంటే గుంజుకోగల మొనగాడెవడూ లేడు. అందుకే ఈ పని ఇనుముతో మొదలుకాదు.

మొదట నడిపిస్తారు. గుర్రాన్ని చూసుకునే సాయీసు కుర్రాడు పగ్గం వదులుగా పట్టుకుని సందు చివరిదాకా తీసుకెళ్లి తెచ్చాడు. చాచా కాళ్లకంటే ముందు తల చూశాడు. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు మోపినప్పుడల్లా తల పైకెత్తుతుంది. ఈ తెల్లదాని తల నిలకడగానే ఉంది.

తర్వాత దగ్గరికి పోవడం. గుర్రానికి సరిగ్గా ముక్కు ముందరా, తోక వెనకా కొంత మేర కనపడదు. ఎడమ భుజం వైపు నుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్లాలి. చెయ్యి భుజం మీద వేసి, ఎత్తకుండా, కిందికి జార్చుకుంటూ పోవాలి. మోకాలు దాటాక వెనకవైపు నరాన్ని వేళ్లతో మెల్లగా నొక్కాలి. చెయ్యి తెలిసిన గుర్రమైతే నొక్కకముందే కాలు ఇచ్చేస్తుంది. ముందుకాలు మోకాళ్ల మధ్యకు, వెనకకాలు తొడ మీదకు.

పాత లాడాన్ని ఒక్క గుంజుతో పీకకూడదు. గిట్ట గోడ మీద వంచి ఉన్న మేకు కొసలను ముందు ఉలితో లేపాలి. ఆ ఓపిక లేక జంబూర్ (పట్టకారు) వేసి లాగితే గోడ పెచ్చులుగా ఊడొస్తుంది, కొత్త మేకుకు చోటు మిగలదు. మడమ వైపు నుంచి ఒకసారి ఇటు, ఒకసారి అటు వదులు చేస్తూ ముందుకు రావాలి. ఊడొచ్చిన లాడాన్ని చాచా పారేయలేదు, తిప్పి చూశాడు. బయటి అంచు ఎక్కువ అరిగింది. ఆరు వారాల నడక మొత్తం ఆ ఇనుప ముక్క మీద అచ్చుపడి ఉంది.

గిట్ట కూడా మన గోరు లాంటిదే. నెలకు సెంటీమీటరుకు కాస్త అటూఇటూగా పెరుగుతుంది. పైన వెంట్రుకల అంచు దగ్గర పుట్టిన గోరు ముందు కొసన నేలను తాకేసరికి ఏడాది దాకా పడుతుంది. కింద ఇనుము ఉంటే ఆ గోరు అరగదు, పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి లాడం కొత్తగానే ఉన్నా ఐదారు వారాలకోసారి విప్పి కోయాల్సిందే. చాలామంది గుర్రాలవాళ్లు కక్కుర్తి పడేది ఇక్కడే. ఇనుము బాగానే ఉంది కదా, ఇంకో నాలుగు పెళ్లిళ్లు లాగొచ్చంటారు. బూట్లు చిరగలేదని ఏడాదిపాటు కాలిగోళ్లు తీసుకోకుండా ఉంటారా?

కోతకు వంపు కత్తి, సుమ్‌తరాష్. అరికాలి మీద పొడిబారిన పెళుసు పొర బిస్కెట్ ముక్కల్లా రాలింది. మధ్యలో త్రికోణంగా, రబ్బరులా మెత్తటిది ఒకటుంది, దాని పేరు పుతలీ. (నాలుగడుగులు వేస్తే పుత్లీబౌలి. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా అని అడిగాను. చాచా నవ్వి ఊరుకున్నాడు.) వేలాడే పీలికలు తప్ప పుతలీని కోయకూడదు. కాలు నేలకు ఆనినప్పుడు దెబ్బను మింగేది అదే. వానల్లో పేడా మూత్రమూ కలిసిన తడిలో నిలబెడితే కుళ్లి కంపుకొట్టేదీ అదే. చివరికి ఆకురాయితో గిట్ట అడుగంతా చదును చేసి, చాచా ఒక కన్ను మూసి చూశాడు, వడ్రంగి చెక్క అంచు చూసినట్టు.

ఇప్పుడు లాడం. బజార్లో దొరికేవి రెడీమేడ్ చెప్పుల్లాంటివి, ఏ కాలికీ అచ్చంగా సరిపోవు. ముందు గిట్ట గుండ్రంగా ఉంటుంది, వెనకది కోలగా. దాగలి మీద పెట్టి కొట్టడం, గిట్టకు ఆనించి చూడటం, మళ్లీ కొట్టడం. ఒక్కో కాలికి నాలుగైదుసార్లు పట్టింది. లాడం చిన్నదైతే గిట్టను ఆకురాయితో అరగదీసి సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. చాచా వాళ్లను తిట్టిన మాట ఇక్కడ రాయలేను. ఎర్రగా కాల్చిన లాడం ఆనించే పద్ధతి కూడా ఉంది. గుప్పున పొగ లేస్తుంది, మాడిన మచ్చను బట్టి ఎక్కడ మిట్ట ఉందో తెలుస్తుంది. గోరుకు నరం లేదు కాబట్టి నొప్పి ఉండదు. కానీ ఈ సందులో కొలిమి పెడితే పైఅంతస్తు వాళ్లు ఊరుకోరు.

మూసీ దాటి మలక్‌పేట వెళ్తే ఇదే పనికి వేరే లెక్కలు. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ గుర్రపు రేసులను మౌలాలి నుంచి అక్కడికి మార్పించాడు. పరుగు గుర్రానికి రేసు రోజుకు పలచటి అల్యూమినియం పట్టీ చాలు, ఉక్కు బరువులో అది మూడో వంతు. తారు రోడ్డు మీద బ్యాండు వెంట నడిచే గుర్రానికి మాత్రం మందపాటి ఉక్కే కావాలి. ఆ ఉక్కు సిమెంటు మీద జారుతుంది. అందుకే మేకు తలను పూర్తిగా దిగగొట్టకుండా కొంచెం పైకి ఉంచుతాడు చాచా, పట్టు కోసం.

అసలు విద్య మేకుల్లో ఉంది. కాలికి ఏడు, బయటివైపు నాలుగు, లోపలివైపు మూడు. గిట్టను తిరగేసి చూస్తే అంచు వెంట సన్నటి తెల్లగీత కనిపిస్తుంది. దానికి బయట ఉన్నది ప్రాణం లేని గోరు, లోపల ఉన్నది రక్తమాంసం. గోడ మందం వేలెడంత కూడా ఉండదు, పక్కలకు పోయేకొద్దీ ఇంకా పలచన. ఆ ఇరుకులోనే మేకు దిగాలి, పైకి ఎక్కుతూ బయటికి వంగి, గోడలోంచి తొంగిచూడాలి. ఆ వంపు మేకులోనే ఉంది. దాని మొన ఒకవైపు ఏటవాలుగా ఉంటుంది, ఆ వైపు లోపలికి ఉండేలా పట్టుకుంటేనే మేకు బయటికి తిరుగుతుంది. తిప్పి పట్టుకుంటే నేరుగా మాంసంలోకి. మడమ దగ్గర మేకులుండవు, నడిచినప్పుడు గిట్ట అక్కడ కొంచెం విచ్చుకోవాలి.

“మేకు చెవితో కొట్టాలె బేటా,” అన్నాడు చాచా. గట్టి గోరులో దిగుతున్న మేకు ఖణ్ మంటుంది. చప్పుడు మెత్తబడితే ఆగాలి. గుర్రం ఒళ్లు జలదరించినా ఆగాలి. తనకు పదహారేళ్లప్పుడు ఒక టాంగా గుర్రానికి ఆగకుండా కొట్టాడట. మేకు మాంసంలో దిగకపోయినా దగ్గరగా పోయి నొక్కింది. ఆ రోజు గుర్రం బాగానే నడిచింది, మూడో రోజు కాలు మోపలేదు. గుర్రాలకు ధనుర్వాతం తేలిగ్గా సోకుతుంది కాబట్టి మాంసంలో దిగిన మేకు మామూలు గాయం కాదు, టీకా వేయించాల్సిందే.

తప్పు మేకు సంగతి సరే, అసలు మేకు కొట్టేవాడే లేకపోతే? రుద్రమదేవి రాజ్యం గురించి చెప్పిన మార్కోపోలోయే, తమిళ తీరంలో గుర్రాలు ఏటా గుంపులుగా చచ్చిపోయేవని కూడా చెప్పాడు. లాడం కొట్టేవాళ్లు అక్కడ లేరట. వర్తకులు వాళ్లను అటు పోనిచ్చేవారు కాదట, గుర్రాలు బతికితే కొత్తవి అమ్ముడుపోవని. ఈ కథ చెబితే చాచా ఆశ్చర్యపోలేదు. ఆ వర్తకుల మనవలు ఇంకా ఉన్నారన్నాడు.

గిట్ట గోడలోంచి బయటికి వచ్చిన మేకు మొనను ఆ క్షణంలోనే తుంచేయాలి, లేకపోతే గుర్రం కాలు విదిలిస్తే మనిషి తొడ చీలుతుంది. మిగిలిన మొద్దును కిందికి వంచి, చిన్న గాడిలో అణిచి, ఆకురాయి ఒక్కసారి ఆడించాలి. గిట్ట పైభాగాన్ని మెరుపు కోసం రుద్దకూడదు, తేమను కాపాడే సహజమైన పొర పోతుంది. పెళ్లివాళ్లకు మెరుపు కావాలంటే నూనె ఉంది.

నాలుగు కాళ్లకూ దాదాపు రెండు గంటలు పట్టింది. సాయీసు మళ్లీ సందు చివరికి నడిపించాడు. ఈసారి చాచా చూడలేదు. గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. టక్, టక్, టక్, మధ్యలో ఎక్కడో సన్నగా ఒక గలగల.

“ఆ గొలుసు తీసేయ్ రా,” అన్నాడు సాయీసుతో. “మళ్ల నడిపియ్.”