తళుకు వేరు, తాజాదనం వేరు

ఏప్రిల్ నెలలో బెంగళూరులోని సూపర్‌మార్కెట్లలో ఆపిల్ పండ్లు నిగనిగలాడుతూ కనిపిస్తాయి. అప్పటికి కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్ తోటలలో చెట్లు ఇంకా పూతమీదనే ఉంటాయి. అక్కడ ప్రధానమైన కోత ఆగస్టునుండి నవంబరు వరకు సాగుతుంది. కనుక ఏప్రిల్‌లో లభించే స్వదేశీ ఆపిల్ సుమారు అయిదారు నెలల క్రిందట కోసినదై ఉంటుంది. న్యూజీలాండ్, చిలీ దేశాలలో ఋతువులు మనకు తలక్రిందులు. అక్కడ ఫిబ్రవరి తరువాత కోసిన పండు కొన్ని వారాలు ఓడలో ప్రయాణించి ఇక్కడికి చేరుతుంది.

పండు నిలువ ఉండే విధానం

కోసిన తరువాత కూడా పండు శ్వాసిస్తూనే ఉంటుంది. ఆ శ్వాస మందగిస్తే ముదురుట ఆలస్యమవుతుంది. అందుకే ప్రత్యేకమైన శీతల గిడ్డంగులలో ఉష్ణోగ్రతను సున్నా డిగ్రీల సమీపానికి తగ్గిస్తారు. సాధారణ గాలిలో 21 శాతం ఉండే ప్రాణవాయువును అక్కడ 1 నుండి 3 శాతానికి కుదిస్తారు. ఇట్లు నిలువచేసిన ఆపిల్ హానికరం కాదు. అయితే దానిలోని సి విటమిన్ క్రమంగా తగ్గుతుంది. బయటి వేడికి కండ త్వరగా పిండిపిండిగా మారుతుంది. కావున రెండు మూడు రోజులకు సరిపడినన్ని మాత్రమే కొనుట మేలు.

తొక్కపై మెరుపు తాజాదనానికి గుర్తు కాదు. తేనెమైనం వంటి కొన్ని పూతలను చట్టం అనుమతిస్తుంది. స్టిక్కరుపైనుండే నాలుగంకెల సంఖ్య పండు రకాన్ని తెలుపుతుందే గాని, కోసిన తేదీని తెలుపదు.

అసలైన ప్రమాదం

మామిడి, అరటి, బొప్పాయి కోసిన తరువాత పండుతాయి. ద్రాక్ష, బత్తాయి, దానిమ్మ అట్లు పండవు. మొదటి తరగతి పండ్లను ముందుగానే విపణికి తెచ్చి అధిక ధర పొందాలనే ఆశతో కొందరు లేతకాయలను కోసి, కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెడతారు. దానిలో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉండవచ్చును. కనుకనే ఆహార భద్రతా నిబంధనలు దానిని పూర్తిగా నిషేధించాయి. ఇథిలీన్ వాయువును మాత్రం పది లక్షల భాగాలకు 100 భాగాలు మించకుండా వాడవచ్చును. పైకి అంతటా పసుపురంగు ఉండి, వాసన లేక, లోపల తెల్లగా పుల్లగా ఉన్న మామిడిని అనుమానించవలసినదే. అట్టి పండ్లను గూర్చి ఆహార భద్రతాధికారికి ఫిర్యాదు చేయుట పౌరుని హక్కు.

పెద్దలు ఎరిగిన పంచాంగం

విడిగా అమ్మే పండ్లపై సాధారణంగా కోత తేదీ ఉండదు. ఆ లోటును ఋతుజ్ఞానం తీరుస్తుంది. భోగినాటికి రేగుపండ్లు, వేసవిలో మామిడి, తాటిముంజలు, ఆషాఢంలో నేరేడు, దసరానాటికి సీతాఫలం అని తెలుగు ఇండ్లలో పెద్దలు ఎరుగుదురు. కోలారు, చిత్తూరు ప్రాంతాల తోటలు సమీపంలోనే ఉన్నందున ఆ లెక్క బెంగళూరులోనూ చెల్లుతుంది. బంగినపల్లిని ఇక్కడి అంగళ్లలో బేనీషా అని కూడా పిలుస్తారు. పేరు మారినా కాలం మారదు.

కొనుటకు ముందు రెండు ప్రశ్నలు అడుగవలెను: ఇది ఏ ఊరి పంట? ఇప్పుడు అక్కడ దీని కాలమేనా?