చర్చి బడిలో మా పాపను చేర్పించొచ్చా?

ప్రశ్న: మేం ఒహాయోలో ఉంటున్నాం. హిందువులం. ఇంటిదగ్గరున్న చిన్న క్యాథలిక్ ప్యారిష్ బడిలో పాపను ఒకటో తరగతికి చేర్పించొచ్చా?

జవాబు: నిస్సంకోచంగా అడగండమ్మా. ఈ బళ్లు చాలావరకు ఇతర మతాల పిల్లల్నీ చేర్చుకుంటాయి. ప్రతి చర్చికీ ఒక బడి ఉండాలని 1884లో బాల్టిమోర్‌లో బిషప్పులు తీర్మానించాకే అమెరికాలో ఇవి ఊరూరా పెరిగాయి.

మతపాఠం మాత్రం అందరికీ ఉంటుంది. పూజకు తరగతంతా కలిసి వెళ్తుంది. అక్కడిచ్చే సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకునేది క్యాథలిక్ పిల్లలే. చాలాచోట్ల మిగతా పిల్లలు చేతులు ఛాతీమీద ముడుచుకుని వరసలో వెళ్తే ఫాదర్ దీవిస్తారు. రెండో తరగతిలో స్నేహితురాళ్లు తెల్లగౌన్లతో తొలి సత్ప్రసాదానికి సిద్ధమవుతుంటే ‘నాకెందుకు లేదు?’ అని పాప అడగడం ఖాయం. ఏం చెప్పాలో మీరిద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి. నాకు ఫీజుకన్నా ఇదే ముఖ్యమనిపిస్తుంది.

ఫీజు ప్యారిష్ సభ్యులకు తరచూ తక్కువ. మీ రాష్ట్రంలో ప్రైవేటు బడి ఫీజుకు సాయపడే ఎడ్‌ఛాయిస్ స్కాలర్‌షిప్‌ను 2023లో అన్ని ఆదాయాలవాళ్లకూ విస్తరించారు. ఆదాయం బాగా ఎక్కువైతే మొత్తం తగ్గుతుంది. బడి అందులో ఉందో లేదో కనుక్కోండి.

జనవరి చివర్లో చాలా బళ్లు ఓపెన్‌హౌస్ పెడతాయి. వెళ్లినప్పుడు రెండు తరగతుల్ని కలిపి చెబుతున్నారా, చదువులో వెనకబడితే విడిగా చూసే టీచరున్నారా అని అడగండి. చిన్నబళ్లలో లోటు ఎక్కువగా అక్కడే కనిపిస్తుంది.