టోకెన్ ఇచ్చే ముందు

చిరంజీవి మేనకోడలికి,


హైదరాబాద్ నిజాంపేటలో 60 లక్షల ఫ్లాట్ కొని అద్దెకిద్దామనుకుంటున్నానని రాశావు. అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుందని బ్రోకర్ అన్నాడట. 45 లక్షల లోను, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు అంటే నెలకి 39 వేలు. అద్దె 18 వేలంటున్నాడు. మిగతా 21 వేలు నీ జీతంలోంచే పోవాలి. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు. దానికి బ్యాంకు లోను ఇవ్వదు. ఇల్లు ఖాళీగా ఉండే నెలా, ఆస్తి పన్నూ తీసేస్తే ఇంటికయ్యే మొత్తం డబ్బు మీద ఏడాదికి అద్దెగా వచ్చేది మూడు శాతం. ధర పెరుగుతుందంటావు. పెరగొచ్చు, కానీ పెరగబోయే ధరతో ఈ నెల వాయిదా కట్టలేం కదమ్మా.

అయినా కొనాలనే ఉంటే, అద్దె ఇల్లు వెతుక్కునే మనిషిలా వెళ్లి చూడు. ఇది మే నెల కావడం నీకు కలిసొచ్చింది, నీళ్ల ఇబ్బంది ఉంటే ఇప్పుడే బయటపడుతుంది. పొద్దున ఆరింటికల్లా వెళ్లు, గేటు ముందు ట్యాంకర్ ఆగి ఉందేమో చూడు. బోరు ఎంతసేపు పోస్తోంది, నల్లా ఎన్ని రోజులకోసారి వస్తోంది, ట్యాంకర్లకి ఫ్లాటుకెంత పడుతోంది, ఇవన్నీ వాచ్‌మన్‌ని అడుగు. బిల్డర్ కన్నా అతనికే బాగా తెలుసు. ఆ వీధిలో కనిపించే టులెట్ బోర్డుల నంబర్లకి ఫోన్ చేసి, నీకే ఇల్లు కావాలన్నట్టు బేరమాడు. నిజంగా ఎంతకి కుదురుతుందో అప్పుడు తేలుతుంది.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాత లింకు డాక్యుమెంట్లు లాయరు చూస్తాడు. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఉందో లేదో, స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌లో (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దులో) గానీ, దాని చుట్టూ ఉండే బఫర్‌లో గానీ పడుతుందేమో నువ్వే వెంటపడి తేల్చుకో. 2024లో చెరువుల్లో కట్టిన ఇళ్లని ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చేయడం చూశాక కూడా ఇది అడగని వాళ్లున్నారు.

అద్దెకిచ్చేటప్పుడు రెండు నెలల అడ్వాన్సు చాలు. రిజిస్ట్రేషన్ తప్పుతుందని చాలామంది 11 నెలలకే రాసుకుంటారు గానీ, తెలంగాణలో ఎంత కాలపు లీజుకైనా చట్ట ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పదు, నువ్వు చేయించు. బ్యాచిలర్లు వద్దు, మాంసం వండకూడదు అంటూ షరతులు పెట్టి ఇల్లు ఆర్నెల్లు ఖాళీగా ఉంచుకునే ఓనర్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

బ్రోకర్ తొందరపెడతాడు, రేపే ఇంకొకరు కొంటున్నారంటాడు. కొననీ. కాగితాల జిరాక్సులు నాకు పంపు. చూసి ఫోన్ చేసేదాకా టోకెన్ కింద ఒక్క రూపాయి కూడా ఇవ్వకు.

ఇట్లు,
మామయ్య