తేట చుక్క కడుపులో ఏమవుతుంది చెల్లీ?

హార్స్లీ హిల్స్ దిగి మదనపల్లె దారి పట్టినావంటే కంటికి ఆనేది టమోటాలే కదా చెల్లీ! ఆ ఎరుపంతా లైకోపీన్ చలవ. కానీ అది మహా మొండిది. నీళ్లలో బొత్తిగా కరగదు, నూనెలో కరిగేదీ అంతంత మాత్రమే. 1992లో జర్మనీ శాస్త్రవేత్తలు టమోటా రసంలో కాస్త మొక్కజొన్న నూనె వేసి, గంటసేపు మరగబెట్టి తాగించి చూశారు. మరగబెట్టని రసం కంటే దాన్నుంచే లైకోపీన్ రక్తంలోకి బాగా చేరింది.

"మరి మందుల షాపులో ఇచ్చే కొన్ని విటమిన్ డి చుక్కలు నీళ్లలో ఇట్టే కలిసిపోతాయే, అదీ నూనె సరుకే కదక్కా?" అంటావేమో. మంచి ప్రశ్నే!

కొండమీద కొన్న నీలగిరి తైలం ఆవిరి పట్టే నీళ్లలో వేస్తే పైన తేలుతుంది. డెట్టాల్ సీసాలో తేటగా ఉన్నా, నీళ్లు తగలగానే తెల్లబడుతుంది. అందులోని నూనె పెద్ద పెద్ద బొట్లుగా విడిపోయి వెలుతురును చెదరగొడుతుంది మరి. నీళ్లలో తేటగా కలిసిపోయే మైక్రోఎమల్షన్ అనే మిశ్రమం సంగతి వేరు. నూనె, నీళ్లు, ఆ రెండింటినీ కలిపే సర్ఫక్టెంటు సరైన పాళ్లలో కుదిరితే బొట్లు కొన్ని పదుల నానోమీటర్లకు మించవు. వెలుతురు తరంగం పొడవు 400 నానోమీటర్ల పైమాట. అందుకే అంతా తేటగా కనిపిస్తుంది.

లోపల మాత్రం తారుమారు! మొదట నూనె మధ్యన నీటి బొట్లుంటాయి. నీళ్లు పోసేకొద్దీ అవి ఉబ్బి, ఒకదాన్నొకటి అంటుకుని, నూనె దారులూ నీటి దారులూ పెనవేసుకుంటాయి. ఇంకా పోస్తే నీళ్ల మధ్యన నూనె బొట్లు మిగులుతాయి. సర్ఫక్టెంటుకు నీళ్లను కోరే తల, నూనెను కోరే తోక ఉంటాయి. మొదట లోపలికి తిరిగి ఉన్న తలలు చివరికి బయటికి తిరుగుతాయి.

జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో నిస్సిం గార్తి బృందం ఇలా నీళ్లు పోసి చూసే పరీక్ష లైకోపీన్‌తోనే చేసి 2002లో ప్రచురించింది. నారింజ తొక్కల్లో దొరికే లిమోనీన్ నూనె వాడారు. ఒట్టి నూనెలో కరిగేదానికన్నా 10 రెట్ల దాకా లైకోపీన్ ఆ మైక్రోఎమల్షన్‌లో ఇమిడింది. అయితే నీళ్లు పెరిగి లోపలి అమరిక మారేకొద్దీ, దాన్ని పట్టి ఉంచే శక్తీ మారుతూ వచ్చింది.

అసలు పరీక్ష అక్కడే చెల్లీ. ఏ చుక్కయినా కడుపులోకి పోయాక పలచబడక తప్పదు. అప్పుడు పట్టు తప్పితే పోషకం పలుకులు కట్టి వృథాగా పోతుంది. అందుకే సీసాలో తేటగా ఉందని మురిసిపోతే చాలదు, నీళ్లు చేరాక కూడా నిలవాలి. నిలిచినంత మాత్రాన అంతా ఒంటబట్టిందనీ కాదు సుమా!

డాక్టరు రాసిచ్చిన చుక్కలు మానొద్దు. టమోటా కోసం మాత్రం సీసాలు కొనే పని లేదు. నూనెలో మగ్గించి పప్పో పచ్చడో చెయ్యి, తక్కిన పని పైత్యరసం చూసుకుంటుంది. పచ్చి ముక్కలే ఇష్టమంటావా? పైన గుప్పెడు వేయించిన చెనక్కాయ గింజలు చల్లుకో.